రెండు పట్టాల చదువు

(మన సంఘం వార్షికోత్సవ సభలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

పనులు మానుకుని, బస్సులు మారి ఇంత దూరం వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రోజు మాట్లాడవలసింది మీతోనే.

ముందుగా ఒక చిన్న సంగతి. మన గూడేనికి చెందిన ఒక చెల్లె ఇంటర్ అయ్యాక అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చేరతానంది. ఇంట్లో అందరూ కూర్చున్నారు. "అందులో రెండు పట్టాలు వస్తాయి" అని ఆ పిల్ల చెబితే వాళ్ల తాత నవ్వాడు. "రెండు పట్టాలా బిడ్డా? పోడు పట్టా ఒక్కదానికే నా చెప్పులు అరిగిపోయినయి, అది ఇంకా చేతికి రాలే" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆ తాత మాట, ఆ పిల్ల చదువు తర్వాత ఎలా కలిశాయో చివర్లో చెబుతాం.

మన సంఘంలో చదువుల సంగతి చూసే మేమందరం మా ఇళ్లలో మొదటి తరం డిగ్రీ చదివినవాళ్లమే. మాకు చెప్పేవాళ్లు లేరు. పక్క ఊరి అన్న ఏది చదివితే మేమూ అదే చదివాం. ఇప్పుడు మీరు ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్న వేరు. "అన్నా, రెండు డిగ్రీలు ఒకేసారి చేయొచ్చంట కదా? చేస్తే ఉద్యోగాలు ఎక్కువ వస్తాయా? చేయాలా వద్దా?" అని అడుగుతున్నారు. మాకు తెలిసినంతలో, మేము చేసిన తప్పులతో సహా, జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాం.

ఒకే దారి మీద నడిచిన తరం

మా తరంలో చదువు అంటే టీచర్ ఉద్యోగం. ఆశ్రమ పాఠశాల, ఇంటర్, టీటీసీ లేదా బీఈడీ, ఆ తర్వాత ఏజెన్సీ డీఎస్సీ. ఈ దారి మనల్ని నిలబెట్టింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కేవి. ఆ జీవో మీద ఆధారపడి ఎన్నో గూడేల్లో మొదటి జీతం ఇంటికి వచ్చింది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని షరతులతో కాపాడింది గానీ, వెనక వస్తున్న పిల్లలకు ఆ తలుపు మునుపటిలా తెరుచుకోలేదు. ఆ రోజు టీటీసీ చేతిలో పట్టుకుని డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు మా ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకు ఇంకో పని రాదు, ఇంకో చదువు లేదు. కొందరు కూలికి పోయారు, కొందరు పట్నంలో డెలివరీ పనికి పోయారు.

2023 ఆగస్టులో ఇంకో తీర్పు వచ్చింది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చెప్పే పోస్టులకు బీఈడీ అర్హత కాదని, డీఈడీ చేసినవాళ్లే అర్హులని సుప్రీంకోర్టు చెప్పింది. బీఈడీ ఉంటే రెండింటికీ పనికొస్తుందని చేరినవాళ్లకు సగం దారి మూసుకుపోయింది.

ఈ రెండూ చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఒక్క జీవో మీద, ఒక్క నోటిఫికేషన్ మీద బతుకంతా ఆనించి పెట్టుకుంటే ఏమవుతుందో మా కళ్లతో చూశాం. రెండో దారి అవసరమని మేము నమ్మడం అక్కడ మొదలైంది.

రెండు డిగ్రీలు అంటే మూడు రకాలు

"డబుల్ డిగ్రీ" అని అందరూ ఒకే మాట వాడుతున్నారు. విడదీసి చూస్తే మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి.

మొదటిది కలిపి చెప్పే కోర్సు. ఒకే ప్రవేశం, ఒకే కాలేజీ, ఒకే హాస్టల్, చివర్లో రెండు చదువుల అర్హత. బీఏ ఎల్‌ఎల్‌బీ ఇలాంటిదే. బీఏ మూడేళ్లు చదివి, తర్వాత ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు చదివితే మొత్తం ఆరేళ్లు. కలిపి చదివితే అయిదేళ్లు. లాసెట్ ద్వారా రాష్ట్రంలోని కాలేజీల్లో, క్లాట్ ద్వారా హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల చేరవచ్చు. బీఏ బీఈడీ, బీఎస్సీ బీఈడీ కలిపి నాలుగేళ్లలో పూర్తిచేసే ఐటెప్ అనే కోర్సు కూడా వచ్చింది. దానికి ఎన్‌సెట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ఉంది. విడిగా చదివితే మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఈడీ కలిపి అయిదేళ్లు పట్టేది నాలుగేళ్లలో అయిపోతుంది. ఐఐటీల్లో బీటెక్, ఎంటెక్ కలిపి అయిదేళ్లు, తిరుపతి ఐసర్‌లో సైన్సు బీఎస్, ఎంఎస్ కలిపి అయిదేళ్లు.

రెండోది ఒకేసారి రెండు వేర్వేరు చోట్ల రెండు డిగ్రీలు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ దీనికి అనుమతినిచ్చింది. రెండూ కాలేజీకి వెళ్లి చదివేవైతే తరగతుల వేళలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. లేదా ఒకటి కాలేజీలో, ఇంకొకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదవవచ్చు. లేదా రెండూ దూరవిద్య, ఆన్‌లైన్ కావచ్చు. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. యూజీసీ అనుమతించింది కదా అని ప్రతి కాలేజీ ఒప్పుకోవాలని లేదు, మీ యూనివర్సిటీ నియమాలు అడగాలి. వృత్తి చదువులకు వాటి కౌన్సిళ్ల నియమాలు వేరుగా ఉంటాయి. ఉదాహరణకు లా చదువుతూ ఇంకో రెగ్యులర్ డిగ్రీ చేయడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. దూరవిద్య కోర్సుకు మాత్రం వెసులుబాటు ఇచ్చాయి.

మూడోది ఒకటి అయ్యాక ఇంకొకటి. మా తరం చేసింది ఎక్కువగా ఇదే. బీఎస్సీ అయ్యాక ఏం దొరకక బీఏ, బీఏ అయ్యాక బీఈడీ, అదయ్యాక ఎంఏ. ప్రతిసారీ రెండు మూడేళ్లు పోయాయి.

కందిలో జొన్న వేసినట్టు

రెండు డిగ్రీలు తీసుకోవాలా అన్నప్పుడు మన పెద్దల సేద్యం గుర్తుచేసుకోండి. కందిలో జొన్న ఎందుకు వేస్తారు? జొన్న ముందు చేతికొస్తుంది, ఇల్లు గడుస్తుంది. కంది ఆలస్యంగా వస్తుంది, దాని వేరు లోతుకు పోతుంది. ఒకటి వాన తప్పి పోయినా ఇంకొకటి కొంతైనా నిలుస్తుంది. రెండూ జొన్నే వేసి రెండు పంటలు అని ఎవరూ అనరు కదా.

చదువులోనూ ఇదే లెక్క. మొదటి డిగ్రీ తెరవలేని తలుపును రెండో డిగ్రీ తెరవాలి. అదే తలుపును రెండోసారి తడితే ఏం లాభం?

ఒక ఉదాహరణ చూడండి. గ్రూప్స్ రాయాలి కాబట్టి బీటెక్‌తో పాటు దూరవిద్యలో బీఏ కూడా చేస్తున్నామని చాలామంది చెబుతున్నారు. గ్రూప్-1, గ్రూప్-2లో చాలా పోస్టులకు, సివిల్స్‌కు కావలసింది ఏదో ఒక డిగ్రీ. బీటెక్ ఉంటే ఆ అర్హత వచ్చేసింది. బీఏ పుస్తకాలు చదవండి, మంచిదే. బీఏ పట్టా కోసం ఫీజు కట్టి, అసైన్‌మెంట్లు రాసి, మూడేళ్లు పెట్టనవసరం లేదు. అలాగే బీకాం ఉన్నవాళ్లు పక్కన బీబీఏ చేస్తే రెండూ దాదాపు ఒకే ఉద్యోగాల వైపు చూస్తాయి.

మరి నిజంగా కలిసొచ్చే జంటలు ఏవి? మన అవసరాలు చూసి కొన్ని చెబుతాం.

చట్టంతో పాటు సామాజిక శాస్త్రం. మన భూముల మీద 1959 భూబదలాయింపు నిబంధన ఉంది, 1970లో దాన్ని సవరించిన ఒకటో నంబర్ నిబంధన ఉంది. 1996 పీసా చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో చెప్పింది. ఇన్ని ఉన్నాయి, కోర్టులో మన భాష తెలిసి నిలబడే లాయర్లు మాత్రం తక్కువ. లాయర్‌గా పేరు నమోదు చేసుకోవడానికి ఎస్సీ, ఎస్టీలు కట్టవలసిన చట్టబద్ధమైన రుసుము 125 రూపాయలే. అంతకన్నా ఎక్కువ తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. కేసులు రాకపోయినా నష్టం లేదు. న్యాయ సేవల సంస్థల్లో, బ్యాంకుల లా ఆఫీసర్ పోస్టుల్లో, జ్యుడీషియల్ పరీక్షల్లో ఈ చదువు పనికొస్తుంది.

భాషతో పాటు కంప్యూటర్. మన పిల్లలు కోయ, గోండి, కొలామి, సవర మాట్లాడతారు. ఇంటి భాష చదువుకు అడ్డు అనుకుని సిగ్గుపడ్డాం. అది మన చేతిలో ఉన్న విద్య అని ఆలస్యంగా తెలిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బడి పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఆ భాష తెలిసినవాళ్లే వాచకాలు రాయవలసి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల నుంచి వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలను ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే వీలు కలిగింది. ఇలాంటి పనికి ముందు భాష తెలిసినవాళ్లు కావాలి, ఆ తర్వాత కంప్యూటర్ తెలిసినవాళ్లు కావాలి. రెండూ తెలిసిన మనిషి మన దగ్గర నుంచి రావచ్చు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు భాషాశాస్త్రంలో పరిశోధన డిగ్రీ కలిపిన అయిదేళ్ల కోర్సు ఉంది. ఫీజు ఎక్కువ, ప్రవేశం కష్టం, ముందే చెబుతున్నాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీయూఈటీ ద్వారా చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి. వాటిలో భాషాశాస్త్రం, ఆంత్రోపాలజీ వంటివి చదవవచ్చు.

కాలేజీ డిగ్రీతో పాటు ఆన్‌లైన్ డేటా సైన్స్. మద్రాస్ ఐఐటీ 2020లో మొదలుపెట్టిన డిగ్రీకి జేఈఈ ర్యాంకు అవసరం లేదు. నాలుగు వారాల పాఠాలు విని, అర్హత పరీక్ష పాసైతే చేరవచ్చు. ఫౌండేషన్, డిప్లొమా, డిగ్రీ అని మెట్లు ఉన్నాయి. మధ్యలో ఆగినా అక్కడిదాకా చదివినదానికి సర్టిఫికెట్ ఇస్తారు. ఎస్టీ విద్యార్థులకు ఫీజులో రాయితీ ఉంది. పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి.

విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన దగ్గరలోనే వచ్చాయి. ఏ ఏడాది ఏ కోర్సులు ఇస్తున్నారో ఇంటర్ రెండో ఏడాదిలోనే చూసి పెట్టుకోండి.

గంటల లెక్క, డబ్బు లెక్క

ఇప్పుడు మాకు నచ్చని భాగం చెప్పాలి. మాలో ఒకరు బీటెక్ మొదటి ఏడాదిలోనే దూరవిద్యలో బీఏకు కట్టారు. ఎవరో చెప్పారు, గ్రూప్స్‌కు బీఏ ఉంటే మంచిదని. డిసెంబర్‌లో బీఏ పరీక్షలు, అదే నెలలో బీటెక్ సెమిస్టర్. తెలుగు మీడియం నుంచి వచ్చినవాడు కాబట్టి లెక్కలు ఇంగ్లీషులో అర్థం కావడానికే రాత్రులు సరిపోయేవి కావు. రెండు చోట్లా పేపర్లు పోయాయి. బీటెక్‌లో ఒక ఏడాది ఆగిపోయాడు, ఆ ఏడాది స్కాలర్‌షిప్ రాలేదు. ఇంట్లో మేకలు అమ్మి ఫీజు కట్టారు. బీఏ సగంలో మిగిలిపోయింది. ఈ రోజు ఈ వేదిక మీద కూర్చున్న మాలో ఒకరి కథ ఇది. పేరు చెప్పొద్దన్నాడు, కథ చెప్పమన్నాడు.

అందుకే చేరే ముందు గంటలు లెక్కపెట్టండి. సాధారణంగా డిగ్రీలో ఒక సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు ఉంటాయి. అంటే వారానికి సుమారు 20 గంటలు తరగతిలోనే పోతాయి. ఇంటి చదువు వేరు. ఇగ్నోలో ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు అని లెక్క. ఆరు నెలల్లో 20 క్రెడిట్లంటే 600 గంటలు, వారానికి సుమారు 23 గంటలు. రోజూ మూడు గంటలకు పైగా, ఆదివారాలతో సహా. మద్రాస్ ఐఐటీ కోర్సులో ఒక్కో సబ్జెక్టుకు వారానికి 10 గంటలు పెట్టమంటారు. హాస్టల్‌లో కరెంటు ఎప్పటిదాకా ఉంటుంది, సెలవుల్లో ఇంటికెళ్తే సిగ్నల్ దొరుకుతుందా, ఇప్పపువ్వు ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఇంట్లో మీ చేతులు కావాలా? ఇవి కూడా అందులో కలపండి. పట్నం పిల్లల లెక్క మనకు సరిపోదు.

ఇక డబ్బు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒక్క కోర్సుకే వస్తుంది. రెండో కోర్సు ఖర్చు మీదే. ఇంకో ముఖ్యమైన నియమం చాలామందికి తెలియదు. ఒక స్థాయి చదువు పాసయ్యాక అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదివితే, అంటే బీఏ అయ్యాక మళ్లీ బీకాంలో చేరితే, కేంద్రం నిబంధనల ప్రకారం ఆ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉండదు. మా తరంలో చాలామంది ఈ నియమం దగ్గరే ఆగిపోయారు. అందుకే మీకు రెండు చదువులూ కావాలని ఇంటర్‌లోనే తేలితే, కలిపి చెప్పే కోర్సు వైపు ముందు చూడండి. అది ఒకే కోర్సు కాబట్టి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఒక్కటే, హాస్టల్ సీటు ఒక్కటే, ఏడాది కూడా మిగులుతుంది.

ఇంకొక మాట. మొదటి ఏడాది రెండోదాని జోలికి పోకండి. భాష మారుతుంది, తిండి మారుతుంది, ఒంటరితనం ఉంటుంది. మొదటి రెండు సెమిస్టర్లు ఒక్క పేపరూ పోకుండా పాసైతే, అప్పుడు రెండో కోర్సు గురించి ఆలోచించండి. మన సంఘం నుంచి బీఎస్సీ లెక్కలు చదివిన ఒక చెల్లె అలాగే చేసింది. రెండో ఏడాదిలో ఆన్‌లైన్ డేటా సైన్స్‌లో చేరి, ఒక్కోసారి ఒకటో రెండో సబ్జెక్టులే తీసుకుంది. స్నేహితులకన్నా మెల్లగా నడిచింది. ఫౌండేషన్ మెట్టు దాటింది. ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ ఎంఎస్సీ సీటు రాకపోతే ఏం చేయాలన్న భయం ఇప్పుడు తనకు లేదు.

మోసపోకండి

ఒక పట్నంలో ఒక స్టడీ సెంటర్ వాళ్లు మన పిల్లల దగ్గరికి వచ్చి, ఏడాదిలో డిగ్రీ, పరీక్ష రాయనవసరం లేదు, రెండు డిగ్రీలు తీసుకుంటే తగ్గింపు అన్నారు. ముగ్గురు పిల్లలు డబ్బు కట్టారు. వచ్చిన కాగితం ఉద్యోగ దరఖాస్తులో పనికిరాలేదు. మూడేళ్ల డిగ్రీని ఏడాదిలో ఎవరూ ఇవ్వలేరు. అలా ఇస్తామన్నవాడు కాగితం అమ్ముతున్నాడని అర్థం.

దూరవిద్యలో చేరే ముందు ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి యూజీసీ గుర్తింపు ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో చూడండి. ఇప్పుడు దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరడానికి డీఈబీ ఐడీ తీసుకోవాలి. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం, లా డిగ్రీలు దూరవిద్యలో చెల్లవు. ఎవరైనా ఇస్తామంటే లేచి వచ్చేయండి. డబ్బు కట్టాలంటే యూనివర్సిటీ పేరు మీదే కట్టండి, ఏజెంట్ చేతికి ఇవ్వకండి. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో వచ్చిన ఇగ్నో మనకు అందుబాటులో ఉన్నవి. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. తొందర లేనివాళ్లకు అది మంచి వెసులుబాటు.

ఇంట్లో ఎలా చెప్పాలి

"అయిదేళ్లా? మీ వయసు పిల్లలు సంపాదిస్తున్నారు" అని ఇంట్లో అంటారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. వాళ్ల భయం నిజమైనది. ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాసి చూపించండి. ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, మధ్యలో ఆపవలసి వస్తే చేతిలో ఏం ఉంటుంది. మూడో ప్రశ్న చాలా ముఖ్యం. కొన్ని కోర్సుల్లో మధ్యలో ఆగితే సర్టిఫికెట్ వస్తుంది, కొన్నింటిలో ఏమీ రాదు. బీఏ ఎల్‌ఎల్‌బీ మూడేళ్లకు ఆపితే బీఏ ఇస్తారా ఇవ్వరా అన్నది ఆ యూనివర్సిటీని అడిగి, రాతపూర్వకంగా తెలుసుకున్నాకే చేరండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక విన్నపం. "అయిదేళ్లయితే పెళ్లి ఆలస్యం అవుతుంది" అని సీటు వదులుకున్న కేసులు మాకు తెలుసు. ఆ పిల్లల మార్కులు వాళ్ల అన్నదమ్ముల కన్నా ఎక్కువ. దయచేసి ఆ ఒక్క కారణంతో ఆపకండి.

రెండు డిగ్రీలు తీసుకోనివాళ్లు తక్కువ అని కూడా అనుకోవద్దు. ఒకే డిగ్రీ బాగా చదివి, దానికి తోడు డ్రైవింగ్, టైపింగ్, ట్యాలీ, మంచి ఇంగ్లీషు నేర్చుకున్నవాడు రెండు డిగ్రీలు అత్తెసరు మార్కులతో పాసైనవాడి కన్నా ముందు ఉంటాడు. మీ ఇంటి పరిస్థితి, మీ ఒంటి ఓపిక మీకే తెలుసు.

తాత సంగతి

మొదట చెప్పిన తాత దగ్గరికి వద్దాం. ఆయన నాలుగు ఎకరాల పోడు మీద హక్కు కోరాడు. గ్రామసభ ఒప్పుకుంది. సబ్ డివిజన్ స్థాయి కమిటీలో అది రెండున్నర ఎకరాలకు తగ్గింది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఎవరికీ అర్థం కాక చూరులో దోపారు. సెలవులకు ఇంటికి వచ్చిన మనవరాలు, అప్పటికి నాలుగో ఏడాది చదువుతోంది, దాన్ని తీసి చదివింది. 60 రోజుల్లో జిల్లా స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవచ్చని ఆ పిల్లకు తెలుసు. అప్పటికి 41 రోజులు అయిపోయాయి.

అప్పీలు రాయడానికి చట్టం తెలిస్తే చాలు. సాక్ష్యం కూడగట్టడానికి అది చాలలేదు. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసి ఇస్తే సాక్ష్యంగా తీసుకోవచ్చని అటవీ హక్కుల నియమాల్లో ఉంది. ఆ పిల్ల బీఏ భాగంలో సోషియాలజీ చదివింది, పెద్దవాళ్లను ఎలా అడగాలో, వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఎలా రాయాలో అక్కడ నేర్చుకుంది. నలుగురు ముసలివాళ్లను కూర్చోబెట్టి కోయలో అడిగింది. ఏ చెట్టు దగ్గర హద్దు, ఏ ఏడాది కరువులో ఎవరు ఆ చేను దున్నారు, ఏ వాగు అప్పుడు ఎక్కడ పారేది. వాళ్లు చెప్పింది తెలుగులో రాసి, చదివి వినిపించి, వేలిముద్రలు తీసుకుంది. 55వ రోజున అప్పీలు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది.

ఆ ఒకటిన్నర ఎకరం వచ్చిందా అని అడుగుతారు. ఇంకా తేలలేదు. వస్తుందో రాదో మాకు తెలియదు. కానీ ఆ ఊళ్లో అలాంటి కాగితాలు చూరుల్లో ఇంకా ఉన్నాయని ఆ పిల్లకు తెలిసింది. ఇప్పుడు సెలవులకు వస్తే వాళ్ల అరుగు మీద నలుగురు కాగితాలు పట్టుకుని కూర్చుంటున్నారు. తాత మాత్రం వచ్చినవాళ్లందరికీ "మా పిల్లకు రెండు పట్టాలు వస్తయి" అని చెబుతున్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ సభ అయ్యాక వెళ్లిపోకండి. మేము బయట చింతచెట్టు కింద బల్లలు వేసుకుని కూర్చుంటాం. మీ మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం ఫోన్‌లో ఉన్నా చాలు, చూపించండి. ఏ ప్రవేశ పరీక్ష రాయాలో, ఏ రెండు చదువులు మీకు కుదురుతాయో, లేక ఒక్కటే చాలో, కలిసి కూర్చుని రాసుకుందాం. మమ్మల్ని ఇలా కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఆ రోజుల్లో లేరు. మీకు మేమున్నాం.